ఎవరూ పెట్టని ఆప్షన్: దక్షిణ తెలంగాణ పిల్లలకు మెటీరియల్స్ సైన్స్

ఎప్‌సెట్ ర్యాంకు చేతికొచ్చాక నల్లగొండలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా వెబ్ ఆప్షన్లు పెట్టే వరస ఇంచుమించు ఒక్కటే. ముందు సీఎస్‌ఈ, తర్వాత ఏఐ కలిసిన సీఎస్‌ఈ, డేటా సైన్స్ కలిసిన సీఎస్‌ఈ, అవి దొరక్కపోతే ఈసీఈ. జాబితాలో ఎక్కడో కింద మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ అనే పేరు తగులుతుంది. "అది ఇనుము పని కదా బిడ్డా, మనకెందుకు?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ పేరు దాటి మౌసు కిందికి పోతుంది.

ఇనుము పని అన్న మాటలో తప్పు లేదు. ఆ పనిలో ఎంత చదువు దాగి ఉందో తెలియకపోవడమే నష్టం. పైగా దాన్ని వదిలేస్తున్నది ఎక్కడ? వాడపల్లి నుంచి మట్టంపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయిని సిమెంటుగా మార్చే బట్టీలున్న నేల మీద. దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచిన చోట. లిథియం బ్యాటరీల కోసం పునాది రాయి పడిన దివిటిపల్లి పక్కన. ఈ మూడు చోట్లా అసలు సరుకు పదార్థమే. దాన్ని తవ్వే చేతులు, మోసే భుజాలు మన ఊళ్లవే. దాని లోపలి గుట్టు చదివిన వాళ్లు మాత్రం చాలాసార్లు బయటి నుంచి వస్తున్నారు.

కొలిమి దగ్గరి పాఠం

ఈ చదువు దేని గురించో చెప్పడానికి ఊళ్లో కమ్మరి కొలిమి చాలు. కొడవలిని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో సాగదీస్తారు. చివరికి అంచును నీళ్లలో ముంచుతారు. సుయ్‌మని ఆవిరి లేస్తుంది. పని అక్కడితో అయిపోదు. అంచును రాయి మీద కాస్త రుద్ది మెరిపించి, మళ్లీ సన్నని వేడి తగలనిస్తూ రంగు కోసం చూస్తారు. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, చివరికి నీలం. ఏ రంగు దగ్గర ఆపాలో చేతివాటం ఉన్న కమ్మరికి తెలుసు. రంగు రాకముందే ఆపితే రాయి తగిలినప్పుడు అంచు పెచ్చులూడుతుంది. నీలం దాటిపోతే అంచు మెత్తబడి రెండు రోజులకే మొద్దుబారుతుంది.

ఆ రంగుల వెనుక ఉన్నది లెక్కే. ఉక్కులో ఇనుముతో పాటు కొద్దిగా కార్బన్ ఉంటుంది. సుమారు 727 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇనుము అణువుల అమరిక మారి, వాటి సందుల్లో కార్బన్ కలిసిపోతుంది. మెల్లగా చల్లారితే ఆ కార్బన్ బయటికొచ్చి పొరలు పొరలుగా సర్దుకుంటుంది, లోహం కొంత మెత్తగా ఉంటుంది. నీళ్లలో ముంచి ఒక్కసారిగా చల్లారిస్తే బయటికి రావడానికి దానికి సమయం చాలదు. లోపలే ఇరుక్కుని అణువుల అమరికను సాగదీస్తుంది. మార్టెన్‌సైట్ అనే ఈ అమరిక చాలా గట్టిది, కానీ పెళుసు. రెండోసారి ఇచ్చే సన్నవేడి ఇరుక్కున్న కార్బన్‌లో కొంతను వదులు చేసి, గట్టిదనంలో కొద్దిగా తగ్గించి ఓర్పు పెంచుతుంది. పసుపు, ఊదా, నీలం అన్నవి ఆ వేడికి ఉపరితలం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర మందాన్ని చూపించే గుర్తులు. సుమారు 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 300 దగ్గర నీలం.

అదే ఇనుము, అదే కార్బన్. మారింది వేడి, చల్లార్చిన తీరు. మెటీరియల్స్ సైన్స్ మొత్తం ఈ ముడి మీదే నడుస్తుంది: లోపలి అమరిక ఎలా ఉంది, దాన్ని ఏ పద్ధతిలో తయారుచేశారు, దానివల్ల ఏ గుణం వచ్చింది, వాడకంలో అది ఎంతకాలం నిలిచింది. ఒకదాన్ని కదిపితే మిగతా మూడూ కదులుతాయి. లోహాలకే కాదు, సిమెంటుకు, పింగాణీకి, ప్లాస్టిక్‌కు, సిలికాన్ చిప్పుకు, ఎముకకు కూడా ఇదే చూపు.

మెకానికల్ ఇంజినీరింగ్‌తో దీన్ని కలిపేసుకునేవాళ్లు చాలామంది. ఒక బోల్టు ఎంత బరువు మోయాలో మెకానికల్ ఇంజినీరు లెక్క కడతారు. ఆ బోల్టు తెగిపోయాక ఎందుకు తెగిందో విరిగిన ముఖాన్ని చూసి మెటీరియల్స్ ఇంజినీరు చెప్పాలి. ఏళ్ల తరబడి ఊగిసలాడే బరువుకు అలిసిపోయి తెగిన బోల్టు ముఖం మీద, చెరువు ఎండుతూ గట్టు మీద వదిలిన గీతల్లాంటి వలయాలు కనిపిస్తాయి. ఒక్కసారి పడ్డ బరువుకు పుటుక్కున విరిగితే ఆ గీతలు ఉండవు. ఆ తేడా గుర్తుపట్టడమే ఫెయిల్యూర్ అనాలిసిస్ అనే వృత్తికి మొదటి మెట్టు.

తరగతిలో చెప్పే సబ్జెక్టులు థర్మోడైనమిక్స్, ఫేజ్ డయాగ్రమ్స్, డిఫ్యూజన్, క్రిస్టలోగ్రఫీ, ఆపైన సిరామిక్స్, పాలిమర్స్, ఎలక్ట్రానిక్ మెటీరియల్స్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఇష్టపడి, ఏదో ఒకదాన్ని వదులుకోలేక ఇబ్బంది పడే పిల్లలకు ఇంతకన్నా సరిపోయే బ్రాంచి కనిపించదు. మ్యాథ్స్ కూడా గట్టిగానే కావాలి. కానీ ఈ చదువు అసలు రుచి ల్యాబులో తెలుస్తుంది. ఉక్కు ముక్కను కోసి, బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో అమర్చి, 220 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 800, 1000 దాకా రుద్దాలి. కాగితం మార్చినప్పుడల్లా ముక్కను 90 డిగ్రీలు తిప్పి, ముందు గీతలు పూర్తిగా పోయేదాకా ఆగకూడదు. ఆ తర్వాత తిరిగే చక్రం మీద తడి గుడ్డపై అల్యూమినా పొడితో అద్దంలా మెరిసేదాకా పాలిష్. అప్పుడు మైక్రోస్కోప్ కింద పెడితే ఏమీ కనిపించదు, తెల్లటి వెలుగు తప్ప. ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం నైట్రిక్ యాసిడ్‌లో కొన్ని సెకన్లు ముంచి కడిగాక, ఎండిన చెరువు అడుగున నెర్రెలు విచ్చినట్టు లోహం రేణువులు ఒక్కొక్కటిగా తేలతాయి. మొదటిసారి చూసిన విద్యార్థికి గుర్తుండిపోయే దృశ్యం అది.

వాడపల్లి, మర్రిగూడ, దివిటిపల్లి

కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి చుట్టుపక్కల సిమెంటు పరిశ్రమ రావడానికి కారణం అక్కడి సున్నపురాయి. దాన్ని మట్టితో కలిపి మెత్తగా నూరి, తిరిగే బట్టీలో సుమారు 1,450 డిగ్రీల వేడికి తీసుకుపోతే క్లింకర్ అనే నల్లటి గోళీలు వస్తాయి. దానికి కొంచెం జిప్సం కలిపి పొడి చేస్తే సిమెంటు. బస్తా మీద 43 గ్రేడ్, 53 గ్రేడ్ అని ఉంటుంది కదా, ఆ అంకె 28 రోజులకు ఆ సిమెంటు మోయాల్సిన కనీస ఒత్తిడి, మెగాపాస్కల్స్‌లో. అందుకోసం ల్యాబులో 70.6 మిల్లీమీటర్ల చిన్న దిమ్మెలు పోసి, నీళ్లలో నానబెట్టి, 3, 7, 28 రోజులకు యంత్రం కింద పెట్టి పగలగొడతారు. నీళ్లు తగిలాక సిమెంటు "ఎండడం" వల్ల గట్టిపడుతుందని ఊళ్లలో అనుకుంటారు. నిజానికి అది నీళ్లు తాగి గట్టిపడుతుంది. కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి సన్నటి జెల్ లాంటి పదార్థంగా అల్లుకుంటాయి, బలమంతా దానిదే. కొత్త స్లాబుకు మడులు కట్టి నీళ్లు నిలబెట్టమని మేస్త్రీ పట్టుబట్టేది అందుకే.

ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది, 56 కిలోల సున్నం మిగులుతుంది. బొగ్గు బదులు సౌర విద్యుత్తుతో బట్టీ నడిపినా ఈ 44 కిలోలు తప్పవు, ఎందుకంటే అవి రాయిలోంచే వస్తాయి. కాబట్టి క్లింకర్ వాడకం తగ్గించడమే దారి. థర్మల్ కేంద్రాల్లో మిగిలే ఫ్లై యాష్ అనే సన్నటి బూడిద కలపడం ఒక పద్ధతి. ఒకే మండలం పరిధిలో బూడిద పుట్టే కేంద్రం, దాన్ని వాడుకునే సిమెంటు బట్టీలు ఉండటం దామరచర్లకున్న వీలు. కాల్చిన మట్టి, కాల్చని సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 రకం సిమెంటుకు 2023లో దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం కూడా వచ్చింది. ఏ మట్టి పనికొస్తుంది, ఎంత వేడికి కాల్చాలి, ఎంత కలిపితే 28 రోజుల బలం నిలుస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేది ఈ చదువే. సిమెంటు కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ వాళ్లు ఎప్పటి నుంచో పనిచేస్తున్నారు. రాబోయే పని మాత్రం పరీక్షించడం దగ్గర ఆగదు, కొత్త మిశ్రమాన్ని తయారుచేయడం దాకా పోతుంది.

యాదాద్రి కేంద్రంలోనూ ఇలాంటి పనే మరో రూపంలో ఉంది. 800 మెగావాట్ల యూనిట్లలో ఆవిరి పీడనం 221 బార్లు దాటి ఉంటుంది. ఆ స్థాయిలో నీటికి, ఆవిరికి తేడా ఉండదు. అంత వేడిలో, అంత ఒత్తిడిలో ఏళ్లకేళ్లు ఉన్న ఉక్కు గొట్టం మెల్లగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. అందుకే 9 శాతం క్రోమియం ఉన్న ప్రత్యేక ఉక్కులు పుట్టాయి. ఇలాంటి బాయిలర్ల వెల్డింగులను అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ పరీక్షలతో, కోయకుండా పగలగొట్టకుండా చూసే ఎన్‌డీటీ నిపుణులకు దేశంలోనూ గల్ఫ్‌లోనూ గిరాకీ ఉంది. డిప్లొమా చేసినవాళ్లు కూడా లెవెల్ 2 సర్టిఫికెట్ సంపాదించి ఇందులో నిలదొక్కుకోవచ్చు.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతం పేరు వింటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఆ కష్టాన్ని పదార్థశాస్త్రం కోణం నుంచి చెప్పుకోవడం తక్కువ. ఎముకలో గట్టి భాగం హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికం. గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి బోరు నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరి, ఆ స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది. కొద్ది మోతాదులో అయితే పంటి ఎనామిల్‌కు మంచిదే, టూత్‌పేస్టులో కలిపేది అందుకే. ఏళ్ల తరబడి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు తాగితే ఎముక చిక్కబడుతూనే పెళుసవుతుంది, కీళ్లను కట్టిపట్టే లిగమెంట్లూ కండరాల కొసలూ గట్టిపడి మనిషి వంగిపోతాడు. కొలిమిలో రెండోసారి వేడి చూపని కొడవలికి వచ్చిన జబ్బు లాంటిదే ఇది: గట్టిదనం ఉంది, ఓర్పు లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది, ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా ప్రయత్నించారు. ఉత్తేజిత అల్యూమినా గింజలు, మెంబ్రేన్లు వేరే పద్ధతులు. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక ఇక్కడి బాధ చాలా తగ్గింది. ఒక జిల్లా పేరుతో ప్రపంచానికి తెలిసిన పరిశోధనను ముందుకు తీసుకుపోయే పిల్లలు ఆ జిల్లా నుంచే ఎక్కువగా రావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిది కొత్త కథ. అమర రాజా సంస్థ అక్కడ లిథియం అయాన్ సెల్స్ తయారీకి పదేళ్లలో రూ.9,500 కోట్లు పెడతామని 2022 డిసెంబరులో ఒప్పందం చేసుకుంది, 2023 మే నెలలో పునాది రాయి పడింది. 16 గిగావాట్ అవర్ల సెల్స్ దాకా సామర్థ్యం లక్ష్యం. బయటి నుంచి చూస్తే అది కరెంటు వస్తువు, లోపల అంతా పదార్థాల పనే. లిథియం ఉన్న లోహ ఆక్సైడ్ లేదా ఫాస్ఫేట్ పొడిని బంకతో కలిపి ముద్దలా చేసి, వెంట్రుకకన్నా పలుచని అల్యూమినియం రేకు మీద ఒక వైపు, గ్రాఫైట్ ముద్దను రాగి రేకు మీద మరో వైపు సమంగా పూయాలి. పూత మందంలో కొద్ది తేడా వచ్చినా సెల్ ఆయుష్షు తగ్గుతుంది. సెల్ కూర్చే గదిలో గాలి ఎంత పొడిగా ఉండాలంటే, అందులో పనిచేసే మనుషుల ఊపిరిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకుంటారు. సెల్ లోపలి ద్రవమైన ఎలక్ట్రొలైట్‌లోని లిథియం లవణానికి నీటి తడి తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పొడిని తయారుచేసే పద్ధతిని అభివృద్ధి చేసి పరిశ్రమకు అందించే పనిలో ఉంది. ఇంత పని పాలమూరు గడప దగ్గరికి వచ్చినప్పుడు స్థానికులకు దక్కేది సెక్యూరిటీ, ప్యాకింగ్, క్యాంటీన్ కొలువులేనా అన్నది రాజకీయ ప్రశ్నే కాదు, చదువుల ప్రశ్న కూడా. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ రాళ్లు మోశారన్న మాటలో గర్వమూ ఉంది, కడుపుమంటా ఉంది.

ఎక్కడ చదవాలి, ఎలా చేరాలి

ఈ బ్రాంచిలో బీటెక్ కావాలంటే ఇల్లు వదలాలి. వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ ఉంది, సగం సీట్లు హోమ్ స్టేట్ కోటాలో తెలంగాణ వాళ్లకే. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది. ఎప్‌సెట్ దారిలో కూకట్‌పల్లి జేఎన్‌టీయూ, గండిపేట ఎంజీఐటీ ఉన్నాయి. పల్లెటూరి సర్కారు బడి పిల్లలకు మాత్రం బాసర ఆర్‌జీయూకేటీని ముందు చెప్పాలి. పదో తరగతి ఫలితాలతోనే ఆరేళ్ల కోర్సులో ప్రవేశం, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు కొంత అదనపు వెయిటేజీ, ఈ బ్రాంచి కూడా అక్కడ ఉంది. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి ఇంటర్‌కు ఫీజు కట్టలేని పిల్లలకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

బీటెక్ ఒక్కటే దారి కూడా కాదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. నల్లగొండ ఎన్‌జీ కాలేజీలో బీఎస్సీ చేసి, మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తిచేసినవాళ్లు గేట్ రాసి ఐఐటీల్లో మెటీరియల్స్ ఎంటెక్‌కు పోవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మెటీరియల్స్ ఇంజినీరింగ్ ఎంటెక్, పీహెచ్‌డీ ఉన్నాయి. ఎంటెక్‌లో గేట్ స్కాలర్‌షిప్ నెలకు రూ.12,400. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే జాతీయ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000, దానిపైన ఇంటి అద్దె భత్యం. ఎమ్మెస్సీ అయ్యాక టీచర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసే పిల్లలకు ఈ లెక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

కొలువుల మాట

ఇక్కడ దాపరికం పనికిరాదు. బీటెక్ అయిన రోజు చేతికొచ్చే జీతం, దొరికే కొలువుల సంఖ్య చూస్తే సీఎస్‌ఈతో ఈ బ్రాంచి పోటీపడలేదు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తక్కువ. ఉక్కు, అల్యూమినియం కర్మాగారాల మొదటి ఉద్యోగాలు ఒడిశాలోనో, జార్ఖండ్‌లోనో, కర్ణాటకలోని తోరణగల్లులోనో ఉంటాయి, షిఫ్టుల్లో పనిచేయాలి. అందుకే ఈ బ్రాంచిలో చేరి సాఫ్ట్‌వేర్‌కు పోయేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం, ఇంటి అప్పులు ఆగవు. అయితే పరిశోధన, ప్రభుత్వ రంగం వైపు చూసేవాళ్లకు లెక్క మారుతుంది. ఈ సబ్జెక్టులో గేట్ రాసేవాళ్లు కంప్యూటర్ సైన్స్‌తో పోలిస్తే చాలా తక్కువ.

మరో సౌకర్యం దూరం. సాగర్ రోడ్డు మీదుగా, శ్రీశైలం రోడ్డు మీదుగా మన బస్సులు నగరంలోకి దిగే ఆగ్నేయ మూలనే దేశంలోని లోహ పరిశోధనకు పెద్ద గుంపు ఉంది. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబు డీఎంఆర్‌ఎల్, 1973లో మొదలైన ప్రభుత్వ మిశ్రలోహాల సంస్థ మిధాని, ఆ పక్కనే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ. అర్జున్ ట్యాంకు కవచానికి కంచన్ అన్న పేరు వచ్చింది ఈ కంచన్‌బాగ్ నుంచే. మిధానిలో టైటానియం, మారేజింగ్ ఉక్కు, సూపర్ అల్లాయ్స్ తయారై రాకెట్లకు, క్షిపణులకు పోతాయి. నగరానికి అటువైపు 1971 నాటి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కోనియం గొట్టాలు, అణు ఇంధనం తయారవుతాయి. వీటిలో చేరే దారులు వేరువేరు: అణుశక్తి విభాగానికి బార్క్ శిక్షణ పరీక్ష, డీఆర్‌డీఓ సైంటిస్ట్ పోస్టులకు గేట్ స్కోరు, ఇంటర్వ్యూ, మిధాని లాంటి సంస్థలకు వాటి సొంత నోటిఫికేషన్లు.

విదేశాలకు పోవాలనుకునేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. అమెరికాలో ఈ సబ్జెక్టుకు రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌తో పీహెచ్‌డీ దొరికే అవకాశం బాగానే ఉంది, చదువయ్యాక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) చదువులకిచ్చే అనుమతితో మొత్తం మూడేళ్లు పనిచేయవచ్చు. కానీ రక్షణ, అంతరిక్ష రంగాలకు సంబంధించిన లోహ కొలువులు అక్కడి ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల విదేశీయులకు దాదాపు మూసే ఉంటాయి. విమానాల ఇంజిన్ల మీద మోజుతో లక్షల అప్పు చేసి ఎమ్మెస్‌కు పోయి, అక్కడికెళ్లాక ఈ గోడ చూడటం కన్నా ముందే సెమీకండక్టర్లు, బ్యాటరీలు, వైద్య పరికరాల వైపు స్పెషలైజేషన్ తిప్పుకోవడం మంచిది. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, ఖర్చంతా బతకడానికే. భాష నేర్చుకునే ఓపిక ఉంటే అది మధ్యతరగతి ఇళ్లకు అందే దారి.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ బ్రాంచి అనగానే బట్టీలు, నిప్పు, మసి ఊహించుకుంటారు. ఈ రంగంలో పెద్ద భాగం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముందు, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గదిలో, కంప్యూటర్ మీద అణువుల లెక్కలు కట్టే చోట జరుగుతుంది. పైథాన్ వచ్చిన మెటీరియల్స్ విద్యార్థికి ఇప్పుడు రెండు వైపులా పని ఉంది. కోడింగ్ మీద ఇష్టం ఉన్నందుకు సీఎస్‌ఈలోనే చేరాలన్న నియమం లేదు.

ఆప్షన్ పెట్టేముందు కాలేజీ వెబ్‌సైట్ ఫొటోలు చూసి తృప్తిపడకుండా, ఒక పని దినాన అక్కడికి పోయి మెటలోగ్రఫీ ల్యాబు చూపించమని అడగాలి. ఫర్నేసు ఎన్ని డిగ్రీల దాకా పోతుంది, చివరిసారి ఎప్పుడు వెలిగించారు, ఒక్కో విద్యార్థి సొంతంగా ఎన్ని నమూనాలు పాలిష్ చేస్తారు అని మూడో ఏడు పిల్లలను అడగాలి, సార్లను కాదు. వచ్చేముందు పాలిషింగ్ చక్రం మీది గుడ్డను ఒకసారి తాకి చూడాలి, అది తడిగా ఉందా, దుమ్ముతో గరుకుగా ఉందా అని.